జవాబు చెప్పని రోగి

అతని ఎడమ రొమ్ము కింద స్టెతస్కోపు ఆనించాను. ఏమీ వినబడలేదు. గొట్టం మడత పడిందేమోనని సరిచేసి మళ్ళీ పెట్టాను. గోడ అవతల ఎవరో నడుస్తున్నంత సన్నని చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ మనిషేమో కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. సిరిసిల్ల బస్సు ఎంత ఆలస్యంగా వచ్చిందో పక్క మంచం వాడికి చెప్పి అప్పుడే ఆగాడు. గుండె కొట్టుకోని మనిషి బస్సు గురించి మాట్లాడడు కదా. అంటే తప్పు అతనిలో లేదు, నాలో ఉంది. ఆ సంగతి తోచిన క్షణాన నా వీపంతా చెమట పట్టింది.

"జర ఇటు రాండ్రమ్మా," అని అతను తన కుడి రొమ్ము మీద వేలు పెట్టి చూపించాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. "అరె, చెప్పేస్తి గదా."

కుడివైపు పెట్టాను. అక్కడుంది గుండె. గబగబా, మరమగ్గం సాంచ నడిచినట్టు కొట్టుకుంటోంది.

గుండె కుడివైపు ఉంటే మిగతావి ఎటున్నట్టు? చెయ్యి అతని కడుపు మీదికి పోయింది. ఎడమ పక్కన, బొడ్డుకూ తుంటి ఎముకకూ మధ్య, కడుపు పలకలా బిగుసుకుపోయి ఉంది. ముందురోజు పొద్దున ఇదే మనిషి ఇదే చోట నొప్పి అని ఓపీకి వచ్చాడు. ఎడమవైపు నొప్పి కదా అని నేను చీటీ మీద మలబద్ధం అని రాసి, విరేచనానికి మందు పోయించి పంపేశాను. అపెండిక్స్ కుడివైపు ఉంటుంది. కానీ ఇతని లోపల అన్నీ అద్దంలో బొమ్మలా తారుమారుగా ఉన్నాయి. అపెండిక్స్ వాచినవాడికి విరేచనం మందు పోస్తే అది పగిలి చీము కడుపంతా పాకవచ్చు. ఇది తెలియడానికి ఎం.డి. చదవనక్కరలేదు, మూడో ఏడాది పిల్లలకు కూడా తెలుసు.

నా తర్వాత వార్డుల్లో అడుగుపెట్టే ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. మా పిల్లలిద్దరూ పడుకున్నాక, వంటింటి దీపం కింద. పిల్లదానికి రెండు రోజులుగా దగ్గు. మధ్యమధ్య లేచి చూసి వచ్చి రాస్తున్నాను, అందుకని అక్కడక్కడా అతుకులు కనిపిస్తే మన్నించాలి.

అప్పట్లో నేను కరీంనగర్ పెద్దాసుపత్రిలో అసిస్టెంటు సర్జన్ని. ఎం.డి. పరీక్షకు ఒకసారి పోయి తప్పాను. నెల తర్వాత రెండోసారి పోవాలి. మా ఆసుపత్రిలో ఎం.డి. అన్న మాటే ఒక తగువు. ఒక పక్క మా పెద్ద డాక్టరు సాబు. నిజాం జమానాలో ఉర్దూలో డాక్టరు చదువు చదివి, పోలీసు చర్య అయిన రెండేళ్ళకు పట్నంలో పై పరీక్షకు కూర్చున్న కొద్దిమందిలో ఒకరు. మందిచ్చేదీ ఆయనే, కత్తి పట్టేదీ ఆయనే. ఇంకో పక్క మా చిన్న డాక్టరు. మూడేళ్ళ కిందట ఎం.డి. పాసై వచ్చినవాడు, వయసులో నాకన్నా రెండేళ్ళు చిన్న. పదకొండు గంటల చాయ్ దగ్గర ఇద్దరికీ రోజూ ఇదే లొల్లి.

"మీ కాలంల పరీక్షలు సులువుండె సార్," అనేవాడు చిన్న డాక్టరు. "మందులే నాలుగు లేకుండె. చదివేటందుకు ఏమున్నది?"

"మీ కాలంల పేషెంటును ముట్టకుంటనే పాసైతున్నరు," అనేవారు పెద్దాయన. "ఎక్స్‌రే కాయితం ముడుతున్నరు. అది గాదా?"

వాళ్ళ మధ్య నేను చాయ్ తాగుతూ కూర్చునేదాన్ని. పరీక్షల స్థాయి రానురాను పెరిగిపోతోందని నా గట్టి నమ్మకం. తప్పినవాళ్ళకు స్థాయి ఎప్పుడూ పెరిగినట్టే ఉంటుంది. పాసైనవాళ్ళకు తాము పాసైన మరుసటేటి నుంచే పడిపోయినట్టు ఉంటుంది. ఇంతమంది పెద్దల అభిప్రాయాలు విన్నాక నాకు తేలిన శాస్త్రం ఇదే.

పెద్దాయన తన ఫెయిలు కథ కూడా ఆ చాయ్ దగ్గరే చెప్పేవారు. పరీక్షలో ఆయనకు పద్దెనిమిదేళ్ళ సాలె పిల్లగాణ్ణి ఇచ్చారట. గంటసేపు చూసి, గుండె కుడివైపు ఉందని పట్టేసి, ఛాతీ విరుచుకుని చెప్పారట. ముసలి ప్రొఫెసరు తల ఊపి, ఇంగ్లీషు పక్కన పెట్టి ఉర్దూలో ఒకే మాట అడిగాడట. "దిల్ దాయేఁ హై. తో జిగర్ కిధర్?" గుండె కుడివైపుంది సరే, కాలేయం ఎటుంది? మా పెద్దాయన ఆ పిల్లవాడి కడుపు మీద చెయ్యే పెట్టలేదు. పుస్తకంలో ఉన్నట్టు కుడివైపని చెప్పారు. ప్రొఫెసరు ఆయన చేతినే పట్టుకొని తీసుకుపోయి, ఆ పిల్లవాడి ఎడమ డొక్క మీద ఆనించి, "వచ్చే సాల్ మళ్ళ రా బేటా" అన్నాడట.

మేము నవ్వేవాళ్ళం. ఆ కథ పదిసార్లైనా విని ఉంటాను. పదిసార్లూ నవ్వాను.

ఆ పిల్లగాడే ఈ మనిషి. ఇప్పుడు ముప్పై అయిదేళ్ళవాడు, సిరిసిల్లలో సాంచ నడుపుతాడు, పెళ్ళాం ఉంది. పదిహేడేళ్ళుగా పరీక్షలొచ్చినప్పుడల్లా పట్నం నుంచి ఉత్తరం వచ్చేది. ఇతను పోయి చొక్కా విప్పి మంచం మీద పడుకునేవాడు. ఇలాంటి మనుషులు ప్రతి కాలేజీకీ ఉంటారు. రోగం అంటూ లేకపోయినా పరీక్షకు కావలసినవాళ్ళు. నా మొదటి పరీక్షలో నాకు ఇతను పడలేదు, అందుకే మొహం తెలియదు. నిజమైన జబ్బుతో ఆసుపత్రి గడప తొక్కడం అతనికి ఇదే మొదటిసారి. అదీ నా దగ్గరికి.

"నిన్ననే ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"మీరు పరీక్షకు చదువుతున్నరు గదమ్మా."

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ముందురోజు ఓపీలో నా బల్ల మీద లావుపాటి పుస్తకం తెరిచి ఉంది. నొప్పితో వంగిపోయి కూర్చుని కూడా దాన్ని చూసి, "ఎమ్డీకా అమ్మా?" అని అడిగాడు. వచ్చే నెల అన్నాను. అతను ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. నేను చీటీ రాస్తున్నాను కాబట్టి పట్టించుకోలేదు.

"పెద్ద ప్రొఫెసరు సాబు ఎన్నడో ఒట్టు పెట్టించిండు," అన్నాడు. "జవాబు నువ్వు చెప్తె నువ్వు దొంగ, రాసెటోడు దొంగ అన్నడు. మగ్గం మీద ఒట్టేసిన. ఎంతమంది బతిమిలాడిండ్రో! ఒకాయనైతే కండ్లల్ల నీళ్ళు వెట్టుకుండు. చెప్పలే. రేపు పరీక్షల మీకు నేనే పడితె? ముందుగాల్నే తెలిసిపోతది. నాయమేనా అమ్మా అది?"

కాళ్ళ దగ్గర నిలబడ్డ అతని పెళ్ళాం ఇక ఊరుకోలేకపోయింది.

"నీ ఒట్టు పాడుగాను! ఇది పట్నమా, పరీక్షనా? కడుపునొప్పని వచ్చినవు గదా! నోట్ల నాలుక లేదా?"

"చదివేటోళ్ళే గదనే..."

"నువ్వు సస్తె గప్పుడు ఎవ్వల్ని పండవెడ్తరు నీ పరీక్షల? సెప్పు!"

అతను నవ్వబోయాడు. నొప్పికి నవ్వు సగంలో ఆగింది.

నేను వరండాలో పరుగెత్తాను. లేడీ డాక్టర్లు పరుగెత్తకూడదని, జనం బెదిరిపోతారని మాకు చెప్పేవాళ్ళు. ఆ రోజు బెదిరినవాళ్ళు బెదిరారు. పెద్దాయన గదిలో చిన్న డాక్టరు కూడా ఉన్నాడు. ఇద్దరి ముందూ చెప్పాను: కుడివైపు గుండె, ఎడమవైపు నొప్పి, నేను పోయించిన విరేచనం మందు. చివరిది చెప్పేటప్పుడు నేల చూశాను.

పెద్దాయన తిట్టలేదు. "పరేషాన్ గాకు బేటీ," అన్నారు లేస్తూ. "పరేషానైతె చేతులు సల్లవడ్తయి. పేషెంటుకు సల్లటి చేతులు పనికిరావు."

మంచం దగ్గరికి రాగానే చిన్న డాక్టరు మొహం వెలిగింది. "అరె! నా కేసు! నేను పాసైంది ఈయన మీదనే సార్."

"నేను ఫెయిలైంది ఈయన మీదనే," అన్నారు పెద్దాయన.

రోగి ఇద్దరికీ పడుకునే దండం పెట్టాడు. పెద్దాయనను చూసి, "యాదికున్నరు సార్. మీ చెయ్యి ఆనాడు శానా సల్లగుండె," అన్నాడు.

పెద్దాయన అరచేతులు రెండూ ఒకదానికొకటి రాసుకొని, వెచ్చబడ్డాక అతని కడుపు మీద పెట్టారు. నొప్పి ఎక్కడ మొదలైందని అడిగారు. బొడ్డు చుట్టూ మొదలై తర్వాత ఎడమకు దిగిందన్నాడు. నేను ముందురోజు అడగవలసిన ప్రశ్న అది. అడిగి ఉంటే అతని ఒట్టు చెడకుండానే నాకు సంగతి తెలిసేది. జవాబు చెప్పొద్దని ఒట్టు పెట్టారు గాని నొప్పి చెప్పొద్దని ఎవరూ అనలేదు కదా. నేను అడగలేదు, అంతే.

"కొయ్యాలె. ఇప్పుడే," అన్నారు పెద్దాయన. వరంగల్ పంపుదామా అని చిన్న డాక్టరు అడిగితే, "బస్సుల పగుల్తది" అన్నారు.

ఇప్పుడు చెప్పబోయేది నేను బతికున్నన్నాళ్ళూ మరిచిపోను. ఆపరేషన్ గదిలోకి పోయేముందు ఆయన నర్సమ్మను పిలిచి చేతి అద్దం తెమ్మన్నారు. ఆమె సిగ్గుపడుతూ తన సంచిలోంచి తీసిచ్చింది. నర్సులకు పాఠం చెప్పడానికి గోడకు వేలాడదీసిన పటం ఒకటుంది, మనిషి పొట్టలోని భాగాలన్నీ గీసింది. ఆయన దానికి వీపు పెట్టి నిలబడి, అద్దం భుజం మీదికి ఎత్తి, అద్దంలో ఆ పటాన్ని చూడటం మొదలుపెట్టారు. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. చూస్తూ రెండో చేత్తో గాలిలో కోస్తున్నారు, తీస్తున్నారు, కుడుతున్నారు. పెదవులు కదులుతున్నాయి. ఎన్నో అపెండిక్సులు తీసిన చెయ్యి అది, కళ్ళు మూసుకున్నా కుడివైపుకే పోతుంది. ఆ చేతికి ఆయన కొత్తగా పాఠం చెప్తున్నారు. పదవీ విరమణకు ఏడాది ఉన్న మనిషి, పరీక్ష గది బయట నిలబడ్డ పిల్లవాడిలా. చిన్న డాక్టరూ నేనూ ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాం. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అద్దం నర్సమ్మకు తిరిగి ఇచ్చి, "చలో" అన్నారు.

నడుములో సూదిమందు ఇచ్చాం. నడుము కింద మొద్దుబారింది గాని మనిషి మెలకువగా ఉన్నాడు. నేను తల దగ్గర కూర్చున్నాను, స్టెతస్కోపు కుడి రొమ్ము మీద. నా చెయ్యి రెండుసార్లు తనంతట తానే ఎడమకు జరిగింది. రెండుసార్లూ వెనక్కి తెచ్చుకున్నాను.

"సాబ్, దొరికిందా?" అన్నాడు అతను కాసేపటికి.

"దొరికింది."

"ఎటుండె?"

"ఎడమదిక్కు."

"అందరు కుడిదిక్కే ఎతుకుతరు," అన్నాడు తృప్తిగా.

అపెండిక్స్ వేలంత లావు వాచి, కొస నల్లబడి ఉంది. అప్పటికే చిల్లిపడి చెంచాడు చీము కారింది. నా మందు వల్లనేనా అని అడగబోయాను. పెద్దాయన కళ్ళతోనే వద్దన్నారు.

అతను భయపడకుండా మాట్లాడించాలని చిన్న డాక్టరు అడిగాడు. "ఇన్నేండ్ల సంది మమ్ముల అందర్ని చూసినవు గదా. ఎవ్వలు మంచిగ చూస్తరు, అప్పటోళ్ళా, ఇప్పటోళ్ళా?"

మా చాయ్ తగువుకు ఇంతకన్నా తగిన న్యాయమూర్తి ఎక్కడ దొరుకుతాడు? అందరికీ ఒకే ప్రశ్న అతను. పదిహేడేళ్ళుగా మారని ప్రశ్న. పెద్దాయన చేతులు కుడుతూనే ఉన్నాయి గాని చెవులు ఇటే ఉన్నాయని నాకు తెలుస్తోంది.

అతను ఆలోచించాడు. "అప్పటోళ్ళు శానాసేపు చూస్తుండె, జరంత చెప్తుండె. ఇప్పటోళ్ళు జల్ది చూస్తరు, శానా చెప్తరు. అప్పటోళ్ళు కడుపు, కాళ్ళు, అన్ని ముడుతుండె. ఇప్పటోళ్ళు రొమ్ము కాడనే ఆగుతరు గని, గాడ శానా ఇంటరు."

"ఇగ మారనిదేంది?" అన్నారు పెద్దాయన తల ఎత్తకుండా.

"చెమటలు సార్. అప్పుడు గంతే, ఇప్పుడు గంతే. అందరివి నా మీదనే పడ్తయి."

ఆపరేషన్ గదిలో నవ్వకూడదు. ముగ్గురం నవ్వాం.

కథ అక్కడితో అయిపోతే పాతకాలమే గెలిచిందని నేనూ రాసేదాన్ని. మధ్యాహ్నం మూడింటికి అతని రక్తపోటు పడిపోయింది. నాడి దారంలా సన్నబడింది. పెదవులు ఎండి, కళ్ళు లోపలికి పోయి, పిలిస్తే పలకడం లేదు. పెళ్ళాం ఈసారి తిట్టలేదు. గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ముందురోజు నుంచి వాంతులు, దాని మీద నా విరేచనం. ఒంట్లో నీరూ లవణాలూ ఎంత పోయాయో నేనూ పెద్దాయనా ఆలోచించలేదు.

ఆలోచించినవాడు చిన్న డాక్టరు. కేసు షీటు వెనక్కి తిప్పి, నేల మీదనే గొంతుక్కూర్చుని లెక్క వేశాడు. ఏ లవణం ఎంత పోయి ఉంటుంది, ఏది ముందు ఎక్కించాలి, ఏది తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగుతుంది, మూత్రం వచ్చేదాకా దేన్ని ఆపాలి. చాయ్ దగ్గర వాదించే కుర్రవాడు కాడతను. గొంతు మారింది, చెయ్యి నిలకడగా ఉంది. పెద్దాయన అతని వెనక నిలబడి భుజం మీదుగా ఆ కాగితం చూశారు.

"నా పరీక్షల గిది లేకుండె," అన్నారు. "మాకు ఉప్పునీళ్ళంటె ఉప్పునీళ్ళే. నువ్వు చెప్పు, నేను చేస్త."

సీసా వేలాడదీసే ఇనుప కడ్డీ విరిగిపోయి చాలా రోజులైంది. జిల్లాకు పెద్ద డాక్టరు సీసాను చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. నేను పట్టుకుంటానంటే, "నువ్వు నాడి చూడు" అన్నారు. ఒక చెయ్యి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకున్నారు. చిన్న డాక్టరు కింద నుంచి, "జర పైకి సార్... జర మెల్లగ సార్," అంటున్నాడు. ఆయన అలాగే చేస్తున్నారు.

ఆరు దాటాక నా వేళ్ళ కింద నాడి నిండుగా తగిలింది. ఏడింటికి మూత్రం వచ్చింది. చిన్న డాక్టరు లేచి నిలబడి, తిమ్మిరెక్కిన కాళ్ళు విదుల్చుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దాయన మాత్రం, "రేపు చాయ్ నాది," అన్నారు.

పిల్లలూ, పరీక్షల స్థాయి మారిందా అని మిమ్మల్నీ ఎవరో ఒకరు అడుగుతారు. నాకు తెలిసింది ఇంతే. ప్రశ్నపత్రంలోంచి తీసేసిన ప్రశ్న రోగుల్లోంచి పోదు. కాలేయం ఎటుందని అడగడం మానేశాక కూడా అది ఎడమవైపు ఉన్న మనిషి సిరిసిల్ల బస్సెక్కి వస్తూనే ఉంటాడు. అలాగే, పాత పరీక్ష అడగని జబ్బులతో ఆ రోజుల్లోనూ మనుషులు చనిపోయారు, ఎందుకో ఎవరికీ తెలియకుండా. ఆ సాయంత్రం సీసా ఎత్తి పట్టుకున్నప్పుడు పెద్దాయన మొహంలో నేను చూసింది ఆ పోయినవాళ్ళ జ్ఞాపకమే అనుకుంటాను.

నెల తర్వాత నేను పరీక్షకు పోయాను, పాసయ్యాను. నాకు వేరే కేసు పడింది. అరచేతులు రాసుకుని మొదలుపెట్టాను. అంతకన్నా ఎక్కువ ఆ సంగతి రాయను. ఆపరేషన్ అయిన పది రోజులకే అతను కుట్లు విప్పించుకుని, ఈ ఏడు పట్నం రానని ఉత్తరం రాయమని నన్నే అడిగి, రాయించుకుని పోయాడు.

ఆపరేషన్ రోజున ఇల్లు చేరేసరికి పిల్లలిద్దరూ మా అత్తమ్మ పక్కన నిద్రపోతున్నారు. ఇద్దరి ఛాతీల మీదా చెయ్యి పెట్టి చూశాను. గుండెలు ఎడమవైపే ఉన్నాయి. మళ్ళీ ఒకసారి చూశాను.

తెల్లారి పాలు తాగుతూ మా పెద్దది అడిగింది. "అమ్మా, నిన్న పొద్దువోయిందాక రాలే. పరీక్ష ఉండెనా?"

"ఉండె."

"పాసైనవా?"

పిల్లవాడు కూడా పాలగ్లాసు దించి చూశాడు. ఆరేళ్ళదానికీ నాలుగేళ్ళవాడికీ ఎంత చెప్పాలి? కింద కూర్చుని ఇద్దరినీ దగ్గరికి తీసుకున్నాను.

"నేను తప్పిన," అన్నాను. "ఒక మామకు కడుపు నొచ్చింది. నాకు మంచి చేద్దామని ఆయన అసలు సంగతి చెప్పలే. నేను అడగలే. మీకు ఎక్కడ నొచ్చినా నాకు చెప్పుండ్రి. అడిగినా చెప్పుండ్రి, అడగకున్నా చెప్పుండ్రి. అమ్మ డాక్టరు గదా, అన్నీ తెలుసు అనుకోకుండ్రి. నేను అటు చూస్తుంటె, నా చెయ్యి పట్టి గుంజి, అటు గాదమ్మా, ఇటు అనుండ్రి."